మగబిడ్డకి పాత పేరు పెట్టాలంటే ముందు అటక మీది గిన్నెలు దించండి

మగబిడ్డ పుట్టాడు, ఈ కాలం పేర్లు వద్దు, తాతల నాటి పేరు ఏదైనా పెడదాం అని ఇంట్లో అనుకున్నారా, అయితే ముందు ఫోన్ పక్కన పెట్టండి. ఫోన్‌లో పాత పేర్లు అని వెతికితే ఎక్కడెక్కడివో వస్తాయి. ఎక్కడో ఉత్తరాది రాజు పేరు తెచ్చి నెల్లూరు బిడ్డకి పెట్టి, ఇదీ పాతదే కదా అంటే పాతదే కానీ మనది కాదు. ఆ పేరు ఎందుకు పెట్టారని రేపు వాడు అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

నేను ప్రభుత్వ బడిలో టీచర్ని, కందుకూరు వైపు మెట్టినిల్లు, రోజూ పొద్దున్నే హాజరు పిలవడం నా పని. మా వాడికి వాళ్ల తాత పేరే పెట్టుకున్నాం. ఆ పేరు కోసం ఇంట్లో ఎంత చర్చ జరిగిందో, కాగితాల దగ్గర ఎంత తిరిగామో అన్నీ గుర్తున్నాయి కాబట్టి వరసగా చెబుతాను.

మొదట అటక మీది గిన్నెలు దించండి. పెళ్లిళ్లలో చదివించిన ఇత్తడి బిందెలు, స్టీలు గిన్నెల అంచుల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించి ఉంటాయి, ఎవరు ఎవరికి ఇచ్చారో కూడా ఉంటుంది. మా ఇంట్లో ఒక బిందె మీద మా ఆయన ముత్తాత పేరు దొరికింది, అప్పటిదాకా ఆ పేరు ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. తర్వాత పొలం దస్తావేజులు చూడండి. పాత దస్తావేజుల్లో ఫలానా వారి కుమారుడు ఫలానా అని రాస్తారు కదా, ఒక్క కాగితంలోనే రెండు తరాలు, ఒక్కోసారి మూడు తరాల పేర్లు బయటపడతాయి. పాత శుభలేఖలు దాచుకునే అలవాటు ఎవరికైనా ఉంటే అవి కూడా అడగండి.

కాగితాల మీద ఉన్నది సగమే. మిగతా సగం ఇంట్లోని పెద్ద ఆడవాళ్ల దగ్గర ఉంటుంది. జేజినో అమ్మమ్మనో కూర్చోబెట్టి, ఆయన పేరేంది అని మాత్రమే అడగకండి, ఊళ్లో ఆయన్ని ఏమని పిలిచేవాళ్లు అని అడగండి. కాగితంలో వెంకటసుబ్బరామయ్య అని ఉన్నాయన ఊళ్లో వాళ్ల నోట్లో సుబ్బయ్యే, నరసింహులు సింగయ్యే. రెండూ రాసి పెట్టుకోండి, ఒక్కోసారి కాగితం పేరు కంటే ఊరి పేరే బాగుంటుంది. ఇంకొకటి, కొంతమంది పెద్దవాళ్లు మొగుడి పేరు, మామగారి పేరు నోటితో చెప్పరు. బలవంతపెట్టకండి, పక్కింటి వాళ్లని అడిగితే వాళ్లు చెబుతారు. నాకూ ఆ అలవాటు ఉంది, మా మామగారి పేరు ఇక్కడ కూడా విడిగా రాయలేను. శనివారం మాత్రమే గుడి తలుపులు తీసే మన కొండ పేరే ఆయన పేరు అంటే ఈ వైపు వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

ఆ కొండ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే మన నెల్లూరు, ప్రకాశం వైపు పాత మగపేర్లలో చాలావాటికి ఒక ఊరో కొండో గుడో ఉంటుంది. పేరు వినగానే వాళ్లు ఎటు వైపు వాళ్లో చెప్పేయొచ్చు. మాలకొండయ్య, మాల్యాద్రి అంటే మాలకొండ లక్ష్మీనరసింహస్వామి. పెంచలయ్య అంటే రాపూరు దగ్గర పెంచలకోన, అక్కడి స్వామి పెనుశిల లక్ష్మీనరసింహుడు, ఆ పెనుశిల అనే మాటే జనం నోట్లో పెంచల అయిందని పెద్దవాళ్లు చెబుతారు. ఆ స్వామి చెంచులక్ష్మిని పెళ్లాడిన కథ ఉంది కదా, చెంచయ్య, చెంచురామయ్య అనే పేర్లు మన వైపు ఎక్కువగా వినిపించడానికి అదే కారణమంటారు. సింగరాయకొండ వైపు సింగయ్య, సింగరయ్య ఉంటారు, సింగం అన్నా సింహం అన్నా ఒకటే, అంటే అదీ నరసింహుడి పేరే. మార్కాపురం వెళ్తే చెన్నకేశవస్వామి, అక్కడ చెన్నకేశవులు, చెన్నయ్య, కేశవులు. నెల్లూరులో పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి ఉన్నాడు, అక్కడి రంగయ్యలు, రంగనాయకులు ఆయన వాళ్లు. జొన్నవాడ కామాక్షమ్మ పేరుతో కామాక్షయ్య ఉంది, సూళ్లూరుపేట చెంగాళమ్మ పేరుతో చెంగయ్య ఉంది. మగబిడ్డకి అమ్మవారి పేరు పెట్టడం మనకి కొత్త కాదు, అంకమ్మ పేరు మీద అంకయ్య, అంకమ్మరావు, పోలేరమ్మ పేరు మీద పోలయ్య. ఇక ఏడుకొండలు అనే పేరు ఉంది చూడండి, తిరుపతి కొండల్ని లెక్కపెట్టి మరీ మనిషికి పేరుగా పెట్టుకున్నారు మనవాళ్లు, అది నాకు చాలా ఇష్టమైన పేరు.

దర్గాల పేర్లు కూడా మనవే. కసుమూరు మస్తాన్ వలీ దర్గాకి మొక్కుకుని పుట్టిన పిల్లలకి మతంతో పని లేకుండా మస్తానయ్య, మస్తాన్ రావు, మస్తాన్ రెడ్డి అని పెట్టుకున్నారు. హజరత్తయ్య అనే పేరు కూడా అలాంటిదే, అరబ్బీ మాటకి మన అయ్య కలిసింది, నెల్లూరు వైపు తప్ప బయట అంతగా వినిపించదు. మీ ఇంట్లో అలాంటి పేరున్న పెద్దాయన ఉంటే, బయటి ఊరి వాళ్లు మీరు ముస్లింలా అని అడుగుతారేమో అని ఆ పేరుని పక్కన పెట్టకండి. అడిగితే అన్ని మతాల వాళ్లూ వచ్చే నెల్లూరు దర్గా రొట్టెల పండుగ గురించి చెప్పండి, మా ఊళ్లో ఇలాగే ఉంటుందని చెప్పండి. ఇలాంటి పేరు ఉన్న ఇల్లు అదృష్టవంతుల ఇల్లని నేను గట్టిగా నమ్ముతాను.

మొక్కు ఉంటే మాత్రం ఇంక ఎంపిక లేదు. బిడ్డ కోసం పెంచలకోనకో మాలకొండకో పేరు మొక్కుకుని ఉంటే అది పెట్టాల్సిందే, అందులో బేరాలు వద్దు. పొట్టిగా ఉండాలంటే రూపం మార్చుకోవచ్చు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇంకో రకం పేర్లు ఉన్నాయి, వాటి గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే తర్వాత పుట్టిన బిడ్డని ఎంగిలి విస్తరాకుల్లో, అంటే పుల్లాకుల్లో, పొర్లించి పుల్లయ్య అని, పెంటకుప్ప మీద ఉంచి తీసుకుని పెంటయ్య అని పెట్టేవాళ్లు. ఇంత పనికిరాని బిడ్డని చావు కూడా పట్టించుకోదు అని ఆ తల్లుల ఆశ. మీ వంశంలో పుల్లయ్య ఉన్నాడంటే ఆయనకి ముందు పుట్టి పోయిన పిల్లలు ఉండి ఉండొచ్చు, ఆ సంగతి ఇంట్లో ఎవరికైనా తెలుసేమో అడిగి రాసి పెట్టండి. కానీ ఈ రోజు బిడ్డకి ఆ పేరు రికార్డులో పెట్టమని నేను చెప్పను. బడిలో పిల్లలు ఎలా ఉంటారో నాకు తెలుసు, పుల్లయ్యని పుల్ల చేస్తారు, పిచ్చయ్యని పిచ్చోణ్ణి చేస్తారు. ఆ పేరున్న తాత మీకు మరీ ఇష్టమైతే ఆయన కొలిచిన దేవుడి పేరు పెట్టండి, తాత కథ మాత్రం బిడ్డకి చెప్పండి.

తిక్కన పేరు పెట్టాలని ఉబలాటపడే వాళ్లు నెల్లూరులో ఉన్నారు, ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది, ఆయన మన ఊరి కవి, భారతంలో విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెలుగు చేసినాయన. కానీ తిక్క అనే మాట పిల్లల నోట్లో ఊరికే ఉండదు. దానికి బదులు హరిహరనాథ అని పెట్టండి, తిక్కన భారతాన్ని అంకితమిచ్చిన దేవుడి పేరు అది, పాతదీ, గంభీరమైనదీ, ఎగతాళికి దొరకనిదీ.

ఇప్పుడు రూపం సంగతి. పాత పేరుని ఈ కాలానికి తగ్గట్టు చేయడానికి చాలామంది దాన్ని ముక్కలు చేస్తారు, పెంచలయ్యని పెంచల్ అని, రంగనాయకుల్ని రంగ్ అని. నా మాట వినండి, నరక్కండి. అదే దేవుడికి మనవాళ్లే పెట్టుకున్న ఇంకో పాత రూపం ఉంటుంది, దాన్ని తీసుకోండి. మాలకొండయ్య పెద్దగా అనిపిస్తే మాల్యాద్రి ఉంది. శేషయ్య ఉంటే శేషాద్రి, శేషగిరి ఉన్నాయి. చెన్నకేశవులు నుంచి కేశవ తీసుకోవచ్చు, పెంచలయ్యకి పెంచల నరసింహ అని పెట్టుకోవచ్చు, రంగనాయకులుకి రంగనాథ. కోదండరామయ్యలో అయ్య తీసేస్తే కోదండరామ్, అదేం చెడిపోలేదు. అం తో ముగిసే పేర్లు మాత్రం అలాగే ఉంచండి, ప్రకాశం, సుబ్రహ్మణ్యం, వెంకటాచలం, రామలింగం, వీటి అందమంతా ఆ చివరి సున్నాలో ఉంది. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి వారి పేరే 1972లో ఒంగోలు జిల్లాకి పెట్టారు, ఆ పేరుని ప్రకాష్ అని మార్చి చూడండి ఎలా ఉంటుందో.

అయ్య అంటే పల్లెటూరి పేరు అనుకోవడం నాకు చాలా బాధ. వెంకటాచలం మండలం చవటపాలెంలో పుట్టిన వెంకయ్యనాయుడు గారు వెంకయ్య అనే పేరుతోనే 2017లో ఉపరాష్ట్రపతి అయ్యారు. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి గారు కులం తోక తీసేసి సుందరయ్య అయ్యారు, అంటే ఆయన అయ్యని కోరి తెచ్చుకున్నారు. పొట్టి శ్రీరాములు గారి పేరు చివర లు ఉంది, 2008లో నెల్లూరు జిల్లాకి ఆ పేరే పెట్టారు. పేరు చివరి అయ్య, లు మోయలేని బరువులేం కావు.

నక్షత్రం దగ్గర చాలా ఇళ్లల్లో టెన్షన్ మొదలవుతుంది. బిడ్డ పాదానికి వచ్చిన అక్షరంతోనే పేరు ఉండాలని ఒకరు, తాత పేరే ఉండాలని ఇంకొకరు. కొన్నిసార్లు రెండూ కలిసి వస్తాయి, మఖకి మా మీ మూ మే అక్షరాలు కాబట్టి మొదటి పాదంలో పుడితే మాల్యాద్రి సరిపోతుంది, చిత్తకి పే పో రా రీ కాబట్టి మొదటి పాదంలో పుట్టినవాడికి పెంచలయ్య పెట్టుకోవచ్చు, దీర్ఘం లేకపోయినా పంతులు గారు సర్దుకుంటారు. మా వాడిది పుష్యమి, హూ హే హో డా. తాత పేరు అందులో ఇమడదు. మేము పురోహితుణ్ణి అడిగితే జన్మనామం వేరు, వ్యవహారనామం వేరు పెట్టుకోవచ్చు అన్నారు. బియ్యం పళ్లెంలో ఉంగరంతో మొదట హేమాద్రి అని రాసి, కింద తాత పేరు రాశాం. పూజలో సంకల్పం చెప్పేటప్పుడు మొదటిది, మిగతా బతుకంతా రెండోది. ఈ దారి ఉందని తెలియక తాత పేరు వదిలేసుకున్న వాళ్లని చూశాను.

రెండు వైపుల తాతలు ఉంటే ఏం చేయాలి? మన వైపు మొదటి మగబిడ్డకి నాన్న నాన్న పేరు, రెండోవాడికి అమ్మ నాన్న పేరు పెట్టే ఆనవాయితీ చాలా ఇళ్లల్లో ఉంది, అది మంచి పద్ధతి, గొడవ ఉండదు. ఒక్కడే చాలు అనుకున్న వాళ్లు ఇద్దరి పేర్లూ అతికించి ఒక పొడుగు పేరు తయారు చేస్తారు, అది వద్దు. వాడు పరీక్ష కాగితంలో గళ్లు చాలక ఇబ్బంది పడతాడు, పిలిచేవాళ్లు అందులో ఒక ముక్కే పిలుస్తారు, రెండో తాత ఎలాగూ మిగలడు. ఒకరి పేరు రికార్డులో పెట్టి, రెండో ఆయన పేరుని ఇంట్లో పిలుపుగా ఉంచుకోండి. ఇంకో సంగతి, తాత బతికి ఉండగా ఆయన పేరు పెట్టకూడదనే ఇళ్లు ఉన్నాయి, ఆయన చేతులతోనే పెట్టించుకునే ఇళ్లూ ఉన్నాయి, ఈ విషయం పెద్దవాళ్లని సూటిగా అడిగేయండి.

అన్నదమ్ముల పిల్లలందరికీ ఒకే తాత పేరు వస్తే కంగారు పడకండి. మన ఇళ్లల్లో పెద అని, చిన అని ముందు పెట్టి పిలుచుకోవడం ఎప్పటి నుంచో ఉంది. కవి తిక్కన, ఖడ్గ తిక్కన ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలే, ఒకాయన కలం పట్టాడు, ఒకాయన కత్తి పట్టాడు, ఊరు వాళ్లని అలా వేరుచేసి చెప్పుకుంది.

పేరు అనుకున్నాక వారం రోజులు బయటికి చెప్పకుండా ఇంట్లో పిలిచి చూడండి. వాకిట్లో నిలబడి వీధి చివర ఆడుకునే పిల్లాణ్ణి పిలిచినట్టు గట్టిగా పిలవండి, ఊపిరి సరిపోతుందా లేదా తెలుస్తుంది. హాజరు పిలిచినట్టు ఇంటిపేరుతో కలిపి పిలవండి. కోపంలో తిట్టినట్టు కూడా పిలిచి చూడండి, ఇక్కడే ఒక చిక్కు ఉంది, తాత పేరున్న బిడ్డని ఆ పేరుతో తిట్టడానికి మన ఇళ్లల్లో నోరు రాదు. అందుకే ముద్దుపేరు కూడా మీరే ముందుగా పెట్టండి. మీరు పెట్టకపోతే బంధువులు పెట్టేస్తారు, అప్పుడు బుజ్జి అనో చంటి అనో ముప్పై ఏళ్లు వచ్చినా అదే ఉంటుంది, అసలు పేరు కాగితాల్లో నిద్రపోతుంది. ముద్దుపేరు అసలు పేరులోంచే రావాలి. ఏడుకొండల్ని కొండలు అనండి, రంగనాథని రంగా, మా వాణ్ణి కొండా అంటాం. మామగారి పేరు కాబట్టి నేను నిండు పేరుతో పిలవను, కొండా అని పిలవడానికి అభ్యంతరం లేదు కదా.

ఇక కాగితాలు, ఇది త్వరగా చెబుతాను కానీ నిర్లక్ష్యం చేయకండి. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు కావాలి. పేరు అప్పటికి తేలకపోతే ఖాళీగా ఉంచి నమోదు చేయించవచ్చు, పన్నెండు నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. కాబట్టి ఆసుపత్రిలో నర్సమ్మ పేరేంది అని తొందరపెట్టిందని నోటికొచ్చింది రాయించకండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడికైనా ఆధార్‌కైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి, పుట్టిన చోటికి రుజువు ఆ జనన ధ్రువపత్రమే, అందులో ఉన్న పేరే వాడి వెంట వస్తుంది.

పాత పేర్లకి అసలు ప్రమాదం ఇంగ్లిష్ స్పెల్లింగు దగ్గర వస్తుంది. అయ్య అనే ముక్కనే ఏ ఐ ఏ హెచ్ అని రాసేవాళ్లు ఉన్నారు, ఏ వై వై ఏ అని రాసేవాళ్లు ఉన్నారు, ఐ ఏ హెచ్ అని మధ్యలో ఆపేవాళ్లూ ఉన్నారు. మా వాడిది జనన ధ్రువపత్రంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా పడింది. నేను నోటితో చెప్పాను, కౌంటర్లో అతను తనకి తెలిసినట్టు కొట్టాడు, నేను రసీదు చదవకుండా సంచిలో పెట్టుకుని వచ్చేశాను. తర్వాత దాన్ని సరిచేయించడానికి నాలుగు సెలవులు పోయాయి. మీరు అలా చేయకండి. ఒక చీటీ మీద తెలుగులోనూ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనూ పేరు రాసుకుని, ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాసి, ఎక్కడికి వెళ్లినా ఆ చీటీ చూపించండి, స్క్రీన్ మీద కొట్టింది నేను చదివాకే వేలు కదపండి అనండి. మీ నాన్న పాసుపుస్తకంలోనో తాత పింఛను కాగితంలోనో ఆ పేరుకి ఒక స్పెల్లింగు ఇప్పటికే ఉంటే అదే వాడటం మేలు. అంకెలు లెక్కపెట్టి ఒక అక్షరం పెంచమనే వాళ్ల మాట వినకండి, ఆ అదనపు అక్షరాన్ని ప్రతి కౌంటర్లో జీవితాంతం వివరిస్తూ ఉండాల్సింది మీ బిడ్డ.

బడిలో చేర్పించే రోజు టీచర్‌కి ఒక మాట చెప్పండి, ఇది వాళ్ల తాత పేరండీ, పూర్తిగా పిలవండి అని. మేము పేరుని నవ్వకుండా, తడబడకుండా, మిగతా పేర్లు పిలిచినట్టే పిలిస్తే క్లాసు మొత్తం అలాగే పిలుస్తుంది. పిల్లల ఎగతాళి చాలావరకు పెద్దవాళ్ల మొహంలోంచి మొదలవుతుంది. వాడికి నాలుగైదేళ్లు రాగానే ఒక శనివారం కొండకి తీసుకెళ్లి ఇదే నీ పేరు అని చూపించండి. మేము తీసుకెళ్తే మా వాడు మెట్ల దగ్గర నిలబడి, ఇంత పెద్దదా అన్నాడు.

చివరిగా, పేరు ఎవరిదో ఆయన భార్య ఇంట్లో ఉంటే, పేరు ఖాయం చేసే ముందు ఆమెని విడిగా కూర్చోబెట్టి అడగండి, నువ్వు వీణ్ణి ఏమని పిలుస్తావు అని. మా అత్తమ్మ మా మామగారి పేరు ఏ రోజూ పలకలేదు, ఆయన ఉన్నన్నాళ్లూ ఏమయ్యా అనే పిలిచింది. బారసాల రోజు అందరూ ఒక్కొక్కరుగా బిడ్డ చెవిలో పేరు చెప్పారు, ఆమె వంతు వచ్చినప్పుడు వంగి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా ఏమయ్యా అంది. ఇప్పటికీ అన్నానికి వాణ్ణి అలాగే పిలుస్తుంది, వాడూ దానికే పలుకుతాడు.